ఇరువదిమూడు కిలోల భాష్యము

అవతారిక

మూలగ్రంథ మెంత క్లుప్తమైన వ్యాఖ్యాన మంత విపులముగా నుండుట మన శాస్త్రవాఙ్మయమునకు అలవాటు. అయినను, పట్టుమని పదునైదు వాక్యములు లేని ఒక సందేశమునకు ఇంత టీక యేల యని ఆక్షేపింపదలచినవారు, అట్టి సందేశమును సగము చదివి బయలుదేరి, విమానాశ్రయపు కౌంటరు ముందర పెట్టె విప్పుకొని, చీరలు నేలపై పరచుకొని కూర్చున్న దంపతుల నొక్కసారి తలచుకొని, పిమ్మట ఆక్షేపింతురు గాక.

రాజమహేంద్రవరమున గోదావరిగట్టుమీద ప్రతిదినము ప్రాతఃకాలమున నడచుచు, నడక ముగిసిన పిదప అంతకు రెట్టింపు కాలము కాఫీకొట్టు ముందర నిలిచి దేశపరిస్థితులను చక్కదిద్దుచు, ఉద్యోగవిరమణానంతర జీవితమును సార్థకము చేసికొనుచున్న ఒక మిత్రబృందము, పారిసును, స్విట్జర్లాండును, రోమునగరమును చూచి రావలెనని సంకల్పించినది. అందరికంటె ఆంగ్లము బాగుగా చదువగలవాడగుటచేతను, కోపము ఆలస్యముగా వచ్చువాడగుటచేతను, విశ్రాంత ప్రధానోపాధ్యాయు డొకడు నాయకుడుగా ఎన్నుకొనబడెను. ఆయన ఒకనాటి రాత్రి వాట్సాపున అందరికిని పంపిన సందేశమే ప్రస్తుతము మూలము. దానికి బృందమునందలి వారందరును బొటనవ్రేలి బొమ్మను ప్రత్యుత్తరముగా పెట్టిరి. ఆ బొటనవ్రేలికి 'గ్రహించితిమి' అని యర్థమని కొందరును, 'చూచితిమి గాని చదువలేదు' అని యర్థమని మరికొందరును చెప్పుదురు. రెండవ పక్షమే యుక్తతరమని తోచుటవలన ఈ టీకకు పూనుకొనవలసివచ్చినది.

శాస్త్రారంభమున అనుబంధచతుష్టయమును చెప్పుట మర్యాద. ప్రయాణసన్నాహము విషయము. కౌంటరుకడ పెట్టె విప్పవలసిన యవస్థ తప్పుట ప్రయోజనము. టిక్కెట్టునకు అడ్వాన్సు చెల్లించినవాడు అధికారి. సంబంధమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. బృందములో సగముమంది ఒకరికొకరు వియ్యంకులో, తోడల్లుళ్లో అయియున్నారు.

మూలము

"అందరికీ నమస్కారం. పన్నెండో తారీఖు తెల్లవారుజామున మూడున్నరకి ఫ్లైటు. మూడు గంటల ముందే ఉండాలి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పేరు పంపండి. వీసా ఫోటోలో నవ్వకండి. జిరాక్సులు రెండేసి సెట్లు. పెద్దపెట్టె ఇరవైమూడు కిలోలు, చేతిపెట్టె ఏడు. పచ్చళ్లు పెద్దపెట్టెలోనే. నెయ్యి వద్దు. ఎండుకొబ్బరి అసలే వద్దు. ఎవరి సామాను వాళ్లే సర్దుకోండి. డౌట్లుంటే ఫోన్ చేయండి, రాత్రి పది దాటాక వద్దు."

"అందరికీ నమస్కారం"

ఇది మంగళాచరణము. ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశము అని మంగళము మూడు తెరగులుగా నుండగా మూలకర్త నడిమిదానిని గ్రహించెను. ఆశీర్వదింప డేలయన, బృందమున ఆయనకంటె పెద్దవారు పలువురు కలరు. నేరుగా వస్తువునకు పోడేలయన, నమస్కారము లేని సందేశమును పెద్దబావగారు చదువరు.

"పన్నెండో తారీఖు తెల్లవారుజామున మూడున్నరకి ఫ్లైటు. మూడు గంటల ముందే ఉండాలి"

ఈ సందేశమంతటిలోను మిక్కిలి సరళముగా కనబడుచు మిక్కిలి ప్రమాదకరమైనది ఈ భాగమే. పన్నెండవ తేదీ ప్రయాణమని విని, పదునొకండవ తేదీ రాత్రి సుఖముగా నిద్రించి, పన్నెండవ తేదీ పగలెల్ల సామాను సర్దుకొని, ఆ రాత్రి ఇరుగుపొరుగుల వీడ్కోలు గైకొని, పదుమూడవ తేదీ తెల్లవారుజామున విమానాశ్రయము చేరి, అంతకు ఒక దినము ముందే యెగిరిపోయిన విమానమును గూర్చి కౌంటరువద్ద న్యాయము కోరువారు లోకమున కలరు. దీనిని బుద్ధిమాంద్య మనరాదు, ఇది సిద్ధాంతభేదము. మన పంచాంగమునందు వారము సూర్యోదయముతో ఆరంభమగును గనుక, సూర్యు డింకను పొడచూపని మూడున్నర గంటలవేళ ముందటి దినముయొక్క శేషమే. టిక్కెట్టు వ్రాసినవాడో, దినమును అర్ధరాత్రమున ఆరంభించుచున్నాడు. ఈ వివాదము విమానములతో పుట్టినది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడే ఆర్యభటీయమున సూర్యోదయమునుండియు, వేరొకచో అర్ధరాత్రమునుండియు దినమును గణించెను; ఒకే యాచార్యుడు ఈ రెండుమాటలు పలికెనని వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఎత్తిచూపెను; బ్రహ్మగుప్తుడు 665లో రచించిన ఖండఖాద్యకమున అర్ధరాత్రపక్షమునే యనుసరించెను. నేటి విమానయాన సంస్థలన్నియు అర్ధరాత్రపక్షమువి. మన బృందమునందలి పెద్దలందరు ఔదయికులు, అనగా సూర్యోదయపక్షమువారు. వీరిరువురును తేదీని గూర్చి మాటలాడుకొన్నప్పుడు ఒకరికొకరు సమ్మతించినట్లే తోచుట ఇందలి చమత్కారము.

తాత్పర్యము: మూడున్నరనుండి మూడు గంటలు తీసివేయగా పన్నెండున్నర, అప్పటికి తేదీ మారి అరగంటయే అయియుండును. కావున పదునొకండవ తేదీ రాత్రి భోజనము త్రోవలో చేయవలసినదే. సామాను పుచ్చుకొను కౌంటరు సాధారణముగా విమానము కదలుటకు ఒక గంట ముందే మూయబడును గనుక, 'మూడున్నరకు గదా' యని మూడింటికి వచ్చినవాడు విమానమును కన్నులార చూడగలడు గాని యెక్కజాలడు. రాజమహేంద్రవరమునుండి రైలున వచ్చువారు విమాన మెక్కవలసిన హైదరాబాదునకు పదునొకండవ తేదీ ఉదయమునకే చేరుట మేలు. 2008 మార్చికి ముందు బేగంపేటనుండి ప్రయాణించిన జ్ఞాపకముతో, సికిందరాబాదు స్టేషనున దిగి ఆటోలో పోవచ్చునని తలచువారు, నేటి విమానాశ్రయమున్న శంషాబాదు త్రోవ యెంత పొడవో మనుమలను అడిగి తెలిసికొనవలెను.

శంక: హైదరాబాదున 3.30కు బయలుదేరి త్రోవలోని దోహాకు 5.30కు చేరునని టిక్కెట్టున నున్నది. రెండు గంటలలో అరేబియాసముద్రమును దాటుట హనుమంతునకు తక్క సాధ్యమా? సమాధానము: టిక్కెట్టున ఏ యూరి కాలము ఆ యూరిదే. దోహా గడియారము మనదానికంటె రెండున్నర గంటలు వెనుకబడి యుండును గనుక ప్రయాణము నిజముగా నాలుగున్నర గంటలు. వేసవిలో పారిసునందు ఈ యంతరము మూడున్నర గంటలగును. ఇట్లు లభించిన కాలమును చూచి సంతోషింపరాదు. తిరుగుప్రయాణమున అది యంతయు కట్టివేయవలసినదే.

"పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పేరు పంపండి"

మీమాంసకులు ఏకవాక్యత యని యొక దానిని చెప్పుదురు. వేరువేరు చోట్ల నున్న వాక్యములన్నియు ఒకే యర్థమును ప్రతిపాదించుచు, ఒకదానినొకటి ఖండింపక యుండవలెననుట దాని సారాంశము. విదేశయాత్రకు కావలసిన సన్నాహమంతయు, నా యభిప్రాయమున, ఈ ఏకవాక్యతయే. పాస్‌పోర్టు, టిక్కెట్టు, వీసా, బీమాపత్రము, హోటలు కాగితము, ఇవి యన్నియు ఒక మనుష్యుని గూర్చి ఒకే మాట పలుకవలెను. మన తెలుగుదేశమున ఒక మనుష్యుని గూర్చి రెండు కాగితములు ఒకే మాట పలికిన సందర్భములు మిక్కిలి యరుదు.

శాస్త్రమర్యాద ననుసరించి దేవదత్తుడను ప్రయాణికుని గ్రహింతము. అతని పదవతరగతి పట్టాలో ఇంటిపేరు పొట్టియక్షరముగా ముందు నిలిచియుండును. ఆధారుకార్డులో ఇంటిపేరు పూర్తిగా వ్రాయబడి, తండ్రిపేరు నడుమ దూరియుండును. బ్యాంకువారు ఇంటిపేరును చివరకు త్రోసియుందురు. పాస్‌పోర్టు దరఖాస్తునాడు 'సర్‌నేమ్' అను గడిలో ఏమి వ్రాయవలెనో తోచక, దానిని ఖాళీగా విడిచి, సమస్తమును రెండవ గడిలో కుక్కియుండును. ఇక అతని ధర్మపత్ని విషయమున పట్టాలో పుట్టినింటి పేరు, ఆధారులో మెట్టినింటి పేరు, పాస్‌పోర్టులో రెంటిలో ఏదో యొకటి. ఇంతమంది దేవదత్తులలో విమానమెక్కువాడెవడు? పాస్‌పోర్టునందున్నవాడే. పాస్‌పోర్టు శ్రుతి, ఆధారు, పట్టా, పెండ్లిశుభలేఖ మొదలగునవి స్మృతులు, ఇవి పరస్పరము విరోధించినచో శ్రుతియే బలీయము. 'అందరు మమ్ము పిలుచు పేరు అది కాదు' అనుట శిష్టాచారప్రమాణము. దానికి కౌంటరుకడ చోటు లేదు.

పాఠాంతరములు: 'లక్ష్మి' యను నామమును కొందరు కె, ఎస్, హెచ్ లతోను, కొందరు ఒక్క ఎక్స్ తోను వ్రాయుదురు. 'గీత'లోని తకారమునకు హెచ్ చేర్చుట తెలుగువారి సంప్రదాయము. చేర్చనిచో దానిని ఢిల్లీవారు పలుకునట్లు పలుకుదురని భయము. ఈ భేదములు ఉచ్చారణకు హానిచేయవు గాని టిక్కెట్టునకు చేయును. కావున పేరును నోటితో చెప్పక, పాస్‌పోర్టు మొదటిపుటను ఫోటోతీసి పంపుటయే మూలకర్త హృదయము. సామాన్యముగా పదిమందికి తక్కువ గాని జట్టునకు విమానసంస్థలు ప్రత్యేకముగా బేరము నిచ్చి, పేర్లను కొంత యాలస్యముగా పంపనిత్తురు. టిక్కెట్టు ముద్రణకు ముందు అక్షరము దిద్దుట సులభము, పిమ్మట దిద్దుట వ్యయసాధ్యము.

విశేషము: పాస్‌పోర్టుపుట అడుగున రెండు వరుసలలో, వరుసకు 44 చొప్పున, అక్షరములును అంకెలును బాణపుములుకులవంటి గుర్తులును కనబడును. అది యంత్రము చదువుటకు. అందు ఇంటిపేరు ముందును, రెండు ములుకుల పిదప సొంతపేరును ఉండును. అనగా ప్రపంచమునందలి సమస్త సరిహద్దులలోని యంత్రములును ఇంటిపేరు ముందుపెట్టుటలో తెలుగువారి పక్షమే. ఈ సంగతి మనకెవరును చెప్పకపోవుటచేతనే ఇంటిపేరును చివరకు త్రోసికొని ఇన్నిపాట్లు పడుచున్నాము. ఆ గడిని ఖాళీగా విడిచినవారికి మరియొక హెచ్చరిక: 2022 నవంబరునుండి ఎమిరేట్సుదేశమువారు, పాస్‌పోర్టున ఒకే పేరున్నవారిని సందర్శకవీసాపై రానీయమని ప్రకటించిరి. కావున త్రోవలో దుబాయి కూడ చూచి వత్తమనువారు తమ గడిని ముందు చూచుకొందురు గాక.

పుట్టినతేదీ సంగతి మూలమున లేదు. బడిలో చేర్చునాడు పంతులుగారు వేసిన తేదీయే పాస్‌పోర్టున నుండును. జాతకము మాట తలపెట్టరాదు. మూలకర్త ఆ పంతుళ్ల కులమువాడే గనుక ఈ విషయమున మౌనము వహించెనని ఊహింపవచ్చును.

"వీసా ఫోటోలో నవ్వకండి"

భరతముని హాసమును స్మిత, హసిత, విహసిత, ఉపహసిత, అపహసిత, అతిహసితములని యారువిధములుగా విభజించెను. ఇందు చివరి యైదును నిషిద్ధములనుట స్పష్టమే. స్మితమునందు దంతములు కానరావు గదా, అదియైనను చెల్లదా యని శంక. చెల్లదు. ముఖము నిర్వికారముగాను, నోరు మూసియు ఉండవలెనని నియమము. ఇది శాంతరసమునకు మాత్రమే యవకాశమిచ్చు కొలువు. ఐనను మనవారి ఫోటోలలో తరచుగా కనబడునది భయానకము. బొమ్మ 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల యెత్తు కలిగి, వెనుక తెలుపుగా నుండి, ఆరుమాసములకు మించని ప్రాయముదై యుండవలెను. షష్టిపూర్తినాటి ఫోటోను కత్తిరించి యిచ్చుట పనికిరాదు.

ఇచ్చట వీసాను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. లక్సెంబర్గున మోజెల్లునదీతీరమందలి షెంగెన్ అను చిన్న గ్రామముకడ, నదిలో నిలిచిన యొక పడవపై, 1985 జూన్ 14వ తేదీన అయిదు దేశములవారు చేసికొన్న యొడంబడిక పెరిగి పెరిగి నేడు 29 దేశములకు వ్యాపించినది. ఐరోపాసమాఖ్యలో చేరని స్విట్జర్లాండు కూడ ఇందు చేరినది గనుక, మన బృందమునకు మూడుదేశములకును ఒక్క వీసాయే చాలును. దానిని ఎవరి నడుగవలెను? ఏ దేశమున అధికదినములు ఉందుమో వారిని. దినములు సమానమైనచో ముందుగా కాలుపెట్టు దేశమువారిని. పారిసున మూడురాత్రులు, రోమున మూడురాత్రులు, ఆల్ప్సుపర్వతముల నడుమ నాలుగురాత్రులు గడపదలచినవారు స్విట్జర్లాండువారినే అడుగవలసియుండగా, ఫలానివారికడ అపాయింటుమెంటు త్వరగా దొరకునని విని అచ్చటికి పోయి, హోటలుకాగితములలో రాత్రులను అటునిటు మార్చువారు, ఏకవాక్యతకు ద్రోహము చేయుచున్నారు. అట్టి యుపాయజ్ఞులను నేను మెచ్చను.

దరఖాస్తును ప్రయాణమునకు ఆరుమాసముల ముందునుండి చేయవచ్చును. పదునైదు దినములకంటె ఆలస్యము చేయరాదు. పాస్‌పోర్టు పదేండ్లలోపల పొందినదై, తిరిగివచ్చు దినము పిమ్మట ఇంకను మూడు నెలలు ప్రాణముతో నుండి, రెండుపుటలైన ఖాళీగా గలదై యుండవలెను. 2024 జూన్ 11 మొదలు పెద్దలకు రుసుము 90 యూరోలు. బీమా 30,000 యూరోలకు తక్కువగా నుండరాదు. అది రోగమునకే గాక, విధివశమున జరుగరానిది జరిగినచో దేహమును స్వదేశము చేర్చుటకును వర్తింపవలెను. ఈ చివరి నిబంధనను బృందములో బిగ్గరగా చదువవద్దని నా సలహా. వ్రేలిముద్రలు ఒకసారి యిచ్చినచో 59 నెలలు చెల్లును. చిరకాలము సుద్దముక్కలు పట్టినవారికిని, అంట్లు తోమినవారికిని ముద్రలు సరిగా పడక రెండు మూడుసార్లు అదుమవలసివచ్చుట కద్దు. దానిని అవమానముగా భావింపరాదు.

"జిరాక్సులు రెండేసి సెట్లు"

ఒకటి తనయొద్ద, మరియొకటి తన పెట్టెలో నని పూర్వవ్యాఖ్యాతలు. అది పొసగదు. పెట్టెయు తానును ఒక్కచోటనే పోవచ్చును. రెండవది తోటివాని సంచిలో నుండవలెననుటయే సరియైన యర్థము. ఇందుకే గదా జట్టుగా పోవుట. పరదేశమున పాస్‌పోర్టు పోయినచో, పోలీసులకు తెలిపి, భారతరాయబార కార్యాలయమున స్వదేశము చేరుటకు మాత్రమే చెల్లు అత్యవసరపత్రమును పొందవలసియుండును. అప్పుడు ఈ జిరాక్సుకాగితము మీరు మీరేయని చెప్పు మొదటి సాక్షి. భార్యాభర్తలు ఒకరి జిరాక్సు ఒకరు దాచుట వలదు. వారి రెండు సంచులును నొకే భుజముపై నుండుట లోకవిదితము.

"పెద్దపెట్టె ఇరవైమూడు కిలోలు, చేతిపెట్టె ఏడు"

ఇరువదిమూడను సంఖ్య మనకు అకారణముగా తోచును. ఇరువదియో, ఇరువదియైదో కాక ఈ మూడేల? పౌనులలో లెక్కించువారికి ఇది ఏబది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లను లెక్కయు ఇట్లే. అంగుళములలో అది 62. ఇకపోతే పెట్టెలు మోయువాని నడుము నుద్దేశించి యేర్పడినది 32 కిలోల లెక్క. ఎంత రొక్కము చెల్లించినను, ఏ పెట్టెయు దానికి మించరాదు.

శంక: దంపతులిరువురకును కలిపి 46 కిలోలు గదా, భర్త పెట్టె 18, భార్య పెట్టె 28 అయినచో చెల్లునా? సమాధానము: ఒకే టిక్కెట్టుసంఖ్యపై నున్నవారికి మొత్తము బరువును కలిపి చూచు సంస్థలు కలవు, పెట్టెకు పెట్టె విడిగా తూచు సంస్థలును కలవు. కొన్న టిక్కెట్టు ఏ సంప్రదాయమునకు చెందినదో ముందే కనుగొని, లేనిచో ఇంటివద్దనే పంచుకొనవలెను. ఇంటివద్ద తూచుట యెట్లు? మనిషి పెట్టెతో కాటాపై నిలిచి, పిమ్మట పెట్టె లేక నిలిచి, తేడా తీయుట ప్రాచీనమార్గము. ఇందు గృహిణులు తమ బరువు బయటపడునని సమ్మతింపరు. కొక్కెమునకు వ్రేలాడదీసి తూచు చిన్న కాటాలు వచ్చియుండుటచేత ఈ ధర్మసంకటము నేడు తీరినది. ఐనను ఆ కాటా ఇరువదిరెండున్నర చూపిన పెట్టె కౌంటరుకడ ఇరువదిమూడున్నర యగుట తరచుగా చూతుము. ఏకవాక్యత కాగితములకే గాక కాటాలకును కావలెను. అది మన చేతిలో లేదు గనుక ఒక కిలో తగ్గించి సర్దుట వివేకము.

చేతిపెట్టెలో ఉండవలసినవి: నిత్యము మ్రింగు మాత్రలు, వైద్యుని చీటీతో సహా, విడిగా డబ్బాలో పోయక అట్టతోనే, ఒక జత బట్టలు, పవర్‌బ్యాంకు. పవర్‌బ్యాంకును పెద్దపెట్టెలో వేయుట నిషిద్ధము, ఏలయన సామానుగదిలో నిప్పంటుకొన్న చూచువాడుండడు. నూరు వాట్-గంటలవరకు దానికి అనుమతి. దానిపై వ్రాసియుండు 20,000 అను పెద్దసంఖ్యను చూచి బెదరనక్కరలేదు, దానిని 3.7తో గుణించి వేయిచే భాగించినచో 74 వాట్-గంటలే యగును.

"పచ్చళ్లు పెద్దపెట్టెలోనే"

ఏవకారముచేత చేతిపెట్టెలో నిషేధము సిద్ధించుచున్నది. 2006 ఆగస్టులో బ్రిటనున, ద్రవపదార్థములతో విమానములను కూల్చుటకు జరిగిన కుట్ర బయటపడిన నాటనుండి, ప్రయాణికుని చేతిలోని ద్రవ్యము ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించరాదని నియమము పుట్టినది. ఆవకాయ ద్రవమా, ఘనమా? ముక్క ఘనము, ఊట ద్రవము. ఊట లేని యావకాయ యుండదు గనుక ద్రవమనియే నిర్ణయము. గోంగూరపచ్చడిని గూర్చి వాదించువారు ఉన్నను, చెంచాతో తీయగలిగినదంతయు నిషేధమున చేరునని పరీక్షకుల మతము.

పెద్దపెట్టెలో పెట్టుటకును ఒక పద్ధతి కలదు. ఆకాశమున విమానపు లోపలి గాలి నేలమీది గాలివలె చిక్కగా నుండదు. సుమారు 2,400 మీటర్ల కొండపై నుండునంతవరకు పలుచబడవచ్చును. సామానుగదిలోను అంతియే. అప్పుడు సంచిలో చిక్కుకొనిన గాలి మూడవవంతువరకు ఉబ్బి, నూనెను వెలుపలికి త్రోయును. 'గట్టిగానే మూత పెట్టితిని, ఎట్లు కారినది?' అని పారిసున కన్నీరు పెట్టు గృహిణులకు ఇదియే యుత్తరము. కావున గాజుసీసాను మాని, మందపు సంచిలో గాలి లేకుండ నొక్కి మూసి, దానిని మరియొక సంచిలో నుంచి, చుట్టును పాతతువాలు చుట్టి, తెల్లని బట్టలకు దూరముగా పెట్టవలెను. ఈ క్రమమును వ్రాయుచున్నప్పుడు నాకు ఆవకాయపై గౌరవము మరింత హెచ్చినది. ఇంత మర్యాదతో ప్రయాణించు మనుష్యులును అరుదు.

"నెయ్యి వద్దు. ఎండుకొబ్బరి అసలే వద్దు"

ఇచ్చట రెండు నిషేధములు. రెంటికి కారణము వేరు, నిషేధించువారును వేరు. 'వద్దు', 'అసలే వద్దు' అను తారతమ్యము నిరర్థకము కాదు.

నేతిని వలదనువారు అవతలివారు. ఐరోపాసమాఖ్యకు బయటి దేశములనుండి ప్రయాణికులు పాలతోను మాంసముతోను చేసినవి తమకొరకైనను తీసికొనిరారాదు. పశువుల రోగములు వ్యాపించునని వారి భయము. పాలకోవాయు, నేతిడబ్బాయు, జున్నును ఈ వర్గములోనివే. పచ్చని కరివేపాకును, బంగినపల్లి మామిడిపండ్లును సస్యారోగ్యపత్రము లేనిదే దిగరాదు. కందిపొడికిని, కారప్పొడికిని ఇట్టి విఘ్నము లేదు. నేయి లేని కందిపొడి యేల యని కొందరు దీర్ఘముగా నిట్టూర్చిరి. ఆ దేశముల వెన్న మంచిదేయని, దానిని కాచుకొనవచ్చునని మూలకర్త వారి నోదార్చెను. హోటలుగదిలో కాచుటను గూర్చి ఆయన ఏమియు చెప్పలేదు, నేనును చెప్పను.

ఎండుకొబ్బరిని వలదనువారు ఇవతలివారే. నూనె నిండిన యా ముక్క తనంత తాను వేడెక్కి మండగలదని, ప్రమాదద్రవ్యముల పట్టికలో దానిని స్వయముగా అంటుకొను పదార్థముల సరసన చేర్చియున్నారు. కౌంటరుకడ 'ఎండుకొబ్బరి యున్నదా' యని యడుగుట పరిహాసమని తలచి నవ్వినవారు కలరు. ఇందొక వింత. ఐరోపావారు సస్యారోగ్యపత్రము అడుగక రానిచ్చు ఫలములు అయిదే: అనాస, అరటి, ఖర్జూరము, డూరియను, కొబ్బరికాయ. అనగా పచ్చికొబ్బరికాయకు అచ్చట స్వాగతము, ఎండిన కొబ్బరికి ఇచ్చటనే ఆటంకము. రోమున దేవునికి కొట్టెదమని ఒక పెద్దమ్మగారు కాయలు పట్టికొనివత్తునన్నారు. బరువు లెక్క చూచి మానినారు.

"ఎవరి సామాను వాళ్లే సర్దుకోండి"

అర్థము స్పష్టము. ఐనను ఒక్కమాట. బృందము ఐరోపాకు పోవుచున్నదను వార్త పేటలో ప్రాకగానే, జర్మనీలో ఎం.ఎస్. చదువుచున్న పిల్లలుగల తల్లిదండ్రులు ఒక్కొక్కరుగా పొట్లములతో వత్తురు. పొట్లము చిన్నది, కుట్టు గట్టిది, లోనున్నది 'ఏమీ లేదండి, రెండు అరిసెలు'. ఈ పెట్టెను మీరే సర్దితిరా, ఇతరులు ఏమైన ఇచ్చిరా యని కౌంటరుకడ అడిగినప్పుడు సత్యము చెప్పవలసినవాడు దేవదత్తుడు. చిక్కులు వచ్చినచో నిలువవలసినవాడును అతడే. కావున కుట్టువిప్పి చూడనిదే దేనిని స్వీకరింపరాదు. విప్పి చూచుట అమర్యాద యనువారితో, మన బృందము జర్మనీకి పోవుటయే లేదని చెప్పవలెను. ఇది సత్యమును, సులభమును నగు నుత్తరము. ఐనను 'స్విట్జర్లాండు ప్రక్కనే గదండీ' యని వారందురు.

"డౌట్లుంటే ఫోన్ చేయండి, రాత్రి పది దాటాక వద్దు"

పూర్వభాగము విధి, ఉత్తరభాగము నిషేధము. 'డౌట్లు' అను బహువచనముచేత, ఒక్క సందేహమునకు ఒక్క ఫోను చొప్పున కాక, కూడబెట్టుకొని చేయవలెనని ధ్వని. కూడబెట్టువారు కానరారు.

శంక: విమానము తెల్లవారుజామున 3.30కు, విమానాశ్రయమున ఉండవలసినది పన్నెండున్నరకు, కనుక సందేహములలో ముఖ్యమైనవన్నియు, పాస్‌పోర్టు ఏ సంచిలో పెట్టితిమన్నది మొదలుకొని, పదునొకండవ తేదీ రాత్రి పది దాటిన పిమ్మటనే పుట్టును. అప్పుడు ఫోను చేయరాదన్నచో విధి వ్యర్థము. చేయవచ్చునన్నచో నిషేధము వ్యర్థము. సమాధానము: నిషేధము నాయకుని నిద్ర నుద్దేశించినది. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు గనుక నిషేధమునకు ప్రవృత్తి లేదు; ఉత్సర్గమునకు అపవాద మేర్పడినది. చేయవచ్చును. ఐతే బృందమునందలి వారందరును ఈ న్యాయమునే తమంతట తాము కనుగొందురు గావున, ఆ రాత్రి ఆయన ఫోను ఎంగేజిలోనే యుండునని వృద్ధుల వ్యవహారము.